వడ్డించే మనిషికి విస్తరి: ఒక నర్సు ఆగమన కాలంపై కేస్ స్టడీ

2024 జనవరి 6వ తేదీ శనివారం మధ్యాహ్నం, సికింద్రాబాద్‌లో మా చర్చి వెనుక ఉన్న చిన్న గదికి ఒక సోదరి వచ్చారు. డ్యూటీ ముగించుకుని నేరుగా వచ్చినట్టు చేతిసంచిలో మడిచిన తెల్ల కోటు కనిపిస్తోంది. వందనాలు చెప్పి, కుర్చీలో కూర్చుని, కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత ఆమె చెప్పిన మొదటి మాటను నేను అదే రోజు నా పుస్తకంలో రాసుకున్నాను. "ఇరవై అయిదో తారీకు ఆరాధనలో ప్రభువు బల్ల దగ్గర మోకరించి రెండు చేతులూ చాచిన క్షణంలో కూడా నేను కేకుల బిల్లు లెక్క కట్టుకుంటున్నాను, అయ్యగారూ. రొట్టె చేతిలో పడింది. ఎప్పుడు తిన్నానో గుర్తు లేదు."

అప్పటినుంచి 2025 ఫిబ్రవరి వరకు మేము పన్నెండుసార్లు కూర్చున్నాము. అందులో ఒకసారి ఆమె భర్త, అత్తగారు కూడా ఉన్నారు. ఈ రచనను ఆమె రెండుసార్లు చదివి అంగీకరించారు, ఒకచోట నన్ను సరిదిద్దారు కూడా. ఆమెను గుర్తుపట్టగల వివరాలను మార్చాను గాని జరిగిన క్రమాన్ని మార్చలేదు. నేను ప్రెస్బిటర్‌గా, అంటే సంఘ కాపరిగా, పనిచేస్తూ పాస్టరల్ కౌన్సెలింగ్‌లో శిక్షణ పొందినవాడిని, వైద్యుడిని కాను. నా హద్దు ఎక్కడ ఆగిందో రాస్తూ వస్తాను.

ఆమె వయసు 43. ఒక పెద్ద ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి, ఆరేళ్లుగా సర్జికల్ వార్డు ఇన్‌ఛార్జిగా ఉన్నారు. భర్త విద్యుత్ శాఖలో ఉద్యోగి. కొడుకు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం, కూతురు తొమ్మిదో తరగతి. మోకాళ్ల నొప్పులు, షుగరు ఉన్న అత్తగారు వాళ్లతోనే ఉంటారు. చర్చిలో స్త్రీల సంఘమైన స్త్రీల మైత్రికి ఆమె కోశాధికారి. ఆదివార బడి పిల్లలకు క్రిస్మస్ నాటిక నేర్పించేది, పశువుల పాక కట్టించేది, నక్షత్రాలు తెప్పించేది కూడా ఆమే. ఇంతమంది ఆధారపడిన మనిషి అలసిపోవడంలో వింత ఏమీ లేదు. కాని ఆమె అలసట గురించి ఫిర్యాదు చేయలేదు. నెల రోజులపాటు క్రిస్మస్ పనే చేశానని, ఆ నెలలో ఒక్క రోజైనా క్రీస్తు తనకు జ్ఞాపకం రాలేదని చెప్పి ఏడ్చారు. ఈ రెండింటినీ ఒకటిగా చూడకూడదని నాకు మొదటి రోజే అనిపించింది.

మొదట వైద్యం

ఆత్మీయ శుష్కత, కుంగుబాటు, పని ఒత్తిడి వల్ల కలిగే తీవ్ర అలసట (బర్న్‌అవుట్), ఈ మూడూ పైకి ఒకే ముఖంతో కనబడతాయి. ప్రార్థనలో మనసు నిలవడం లేదని చెప్పే మనిషికి వెంటనే మరింత ప్రార్థన చేయమని చెప్పే పాస్టరు, జ్వరం ఎందుకు వచ్చిందో చూడకుండా తడిగుడ్డ వేసేవాడితో సమానం. అందుకే నిద్ర, ఆకలి, ఏడుపు, చనిపోవాలన్న ఆలోచనల గురించి నేరుగా అడిగాను. కుంగుబాటును అంచనా వేయడానికి వాడే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 పత్రంలో ఆమెకు 27కి 8 వచ్చాయి, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనను అడిగే ప్రశ్నకు సున్నా. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో బర్న్‌అవుట్‌కు మూడు గుర్తులు చెబుతుంది. శక్తి హరించుకుపోవడం, పనినుంచి మనసు దూరమవడం, పనిలో సామర్థ్యం తగ్గినట్టు అనిపించడం అవి. ఆమెలో మొదటిది మాత్రమే కనిపించింది. రోగుల గురించి మాట్లాడేటప్పుడు ఆమె గొంతు మారిపోయేది, వాళ్ల మీద విసుగు లేదు.

అయినా రక్తపరీక్షలు చేయించుకోమని పంపాను. థైరాయిడ్ సరిగానే ఉంది. హిమోగ్లోబిన్ మాత్రం 10.2 వచ్చింది. గర్భిణి కాని స్త్రీకి అది 12 కంటే తక్కువైతే రక్తహీనత కింద లెక్క. రోజంతా ఇతరుల రిపోర్టులు చూసే నర్సు తన రక్తాన్ని నాలుగేళ్లుగా పరీక్షించుకోలేదు. ఐరన్ మాత్రలు మొదలుపెట్టిన రెండు నెలలకు మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గింది. దీన్ని చిన్న విషయంగా రాయడం లేదు. ప్రార్థన కుదరకపోవడానికి కొంత కారణం రక్తంలోనే ఉంది.

2023 డిసెంబర్

రెండో కూర్చోవడంలో, గడిచిన డిసెంబరును రోజువారీగా జ్ఞాపకం చేసుకుని రాయమని కాగితం ఇచ్చాను. ఆ కాగితాన్ని అర్థం చేసుకోవాలంటే సంఘ పంచాంగం కొంత తెలియాలి. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలతో ఆగమన కాలం ఏర్పడుతుంది. క్రిస్మస్ వారంలో ఏ రోజున పడిందన్నదాన్ని బట్టి ఆ కాలం 22 రోజులనుంచి 28 రోజుల వరకు మారుతుంది. 2023లో క్రిస్మస్ సోమవారం వచ్చింది కనుక ఆగమన కాలం డిసెంబర్ 3న మొదలై ఉండగలిగినంత చిన్నదిగా ఉంది. నాలుగో ఆగమన ఆదివారం, క్రిస్మస్ ముందు రాత్రి ఒకే రోజున, డిసెంబర్ 24న పడ్డాయి. ఉదయం ఎదురుచూపు, సాయంత్రం పండుగ. మధ్యలో కొన్ని గంటలు కూడా దొరకలేదు.

దానికి తోడు మన తెలుగు ప్రాంతాల్లో డిసెంబర్ మొదటి వారంనుంచే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. ఆసుపత్రిలో ఒకటి, నర్సింగ్ స్కూల్లో ఒకటి, భర్త ఆఫీసులో ఒకటి, కాలనీలో యునైటెడ్ క్రిస్మస్ ఒకటి, స్త్రీల మైత్రిది ఒకటి. ఆమె ఆ నెలలో మొత్తం తొమ్మిదింటికి వెళ్లారు, తొమ్మిదిసార్లు కేకు కోశారు, తొమ్మిదిసార్లు కొవ్వొత్తి వెలిగించి అదే పాట పాడారు. ఈ ఆచారాన్ని నేను తప్పుపట్టను, క్రైస్తవులు కానివారితో కలిసి కూర్చునే అవకాశం అక్కడ దొరుకుతుంది. కాని ఇరవై అయిదో తారీకు వచ్చేసరికి పండుగ మనసులో అప్పటికే తొమ్మిదిసార్లు జరిగిపోయి ఉంటుంది.

ఆ కాగితంలో మొత్తం 31 పనులు తేలాయి. డ్యూటీ చార్టు, నాటిక, క్యారల్స్ రౌండ్స్‌లో మూడు రాత్రులు, అర్ధరాత్రి ఒంటిగంటకు ఇంటికి వచ్చే క్యారల్ బృందం నలభై మందికి టీ, పదిహేను కిలోల అరిసెలు, ఇరవై రెండు ఇళ్లకు కేకు, తొమ్మిది మందికి బట్టలు, వాటి జాకెట్లకు టైలరు చుట్టూ తిరగడం, 31 రాత్రి ఆరాధనకు వాగ్దాన వచనాల కార్డులు కత్తిరించడం. కాగితం పక్కన ఇంకో గడి గీసి, ప్రతి పనికీ ఎదురుగా "ఇది నన్ను ఎవరు అడిగారు?" అన్న ప్రశ్నకు జవాబు రాయమన్నాను. పది రోజుల తరువాత తెచ్చారు. 31లో 13 పనుల ఎదుట గడి ఖాళీగా ఉంది. ఎవరూ అడగలేదు. ఆ ఖాళీలను చూపిస్తూ ఆమె, "నేను చేయకపోతే పండుగ ఆగిపోతుందనుకున్నాను అయ్యగారూ" అన్నారు. గద్దింపుగా ఏమీ అనకుండా ఆ మాటను ఆమె ముందే ఉంచి ఊరుకున్నాను.

నా తప్పు

ఇక్కడ నేను చేసిన పొరపాటు రాయాలి. 2024 ఫిబ్రవరి 14న భస్మ బుధవారంతో, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం మొదలైంది. డిసెంబరుకు ముందే ఒక క్రమాన్ని అలవాటు చేయాలన్న ఉద్దేశంతో ఆమెకు ఉదయం అయిదింటికి ఇరవై నిమిషాల ధ్యానపఠనం ఇచ్చాను. 12వ శతాబ్దపు కార్తూసియన్ సన్యాసి రెండవ గ్వీగో చెప్పిన నాలుగు మెట్లనే తీసుకున్నాను. వాక్యాన్ని చదవడం, తలపోయడం, దానితో ప్రార్థించడం, చివరకు మాట లేకుండా దేవుని ఎదుట నిలిచి ఉండడం. నాకు ఎంతో మేలు చేసిన పద్ధతి అది. తొమ్మిదో రోజున ఆమె మానేశారు.

తరువాతి సారి వచ్చి నాకు క్షమాపణ చెప్పబోతే ఆపి, ఎక్కడ చెడిందో చెప్పమన్నాను. నైట్ డ్యూటీ చేసిన వారంలో ఉదయం అయిదంటే తెల్లవారుజాము కాదని, అది పనిగంటల్లో అన్నిటికంటే బరువైన గంట అని చెప్పారు. ఆపరేషన్ కేసులను థియేటరుకు సిద్ధం చేయడం, రక్తపు నమూనాలు తీయడం, ఉదయం ఎనిమిదింటికి అప్పగింతకు పుస్తకాలు రాయడం అప్పుడే ఉంటాయి. పగటి డ్యూటీ వారంలో అయిదింటికి లేస్తే కొడుకు ట్యూషన్, టిఫిన్ డబ్బాలు, అత్తగారి ఇన్సులిన్. "లేచి కూర్చున్న రోజున కూడా, అయ్యగారూ, ఇరవై నిమిషాలు ఎప్పుడవుతాయా అని గడియారం చూశాను. ఇది కూడా డ్యూటీ చార్టులో ఒక గడి అయిపోయింది."

గ్వీగో తన మెట్లను రాసింది గంట మోగగానే పని వదిలేసే మఠవాసుల కోసం. అక్కడ రోజు మొత్తాన్ని ప్రార్థన చుట్టూ కట్టి ఉంచుతారు, మెట్లు దాని మీద నిలుస్తాయి. ఆ కట్టుబడి లేని ఇంట్లోకి మెట్లను మాత్రం తెచ్చి నిలబెట్టాను. పైగా, పనులు ఎక్కువయ్యాయని వచ్చిన మనిషికి ముప్పై రెండో పని ఇచ్చాను. మన సంఘాల్లో క్రిస్మస్‌కు ముందు ఇచ్చే సలహాల్లో ఎక్కువ భాగం ఈ రకానివే. ఇరవై అయిదు రోజుల బైబిలు పఠన పట్టిక, రోజుకొక సత్క్రియ, ఉపవాస ప్రార్థనల గొలుసు, అన్నీ మంచివే. అయినా, వడ్డించి వడ్డించి నీరసించినవారి చేతికి ఇంకొక గిన్నె అందించడం వల్ల వారి ఆకలి తీరదు.

మార్చి నెలలో నా ప్రశ్నను మార్చుకున్నాను. ఆమె ధ్యాసను ఎలా పెంచాలా అని ఆలోచించడం మాని, ఆమె ఎప్పుడైనా క్రిస్మస్‌ను అందుకున్నదా అని అడిగాను. ఇచ్చింది కాదు, జరిపించింది కాదు, అందుకున్నది.

గవాక్షం

ఆమె పుట్టింది మెదక్ దగ్గర ఒక పల్లెలో. మెదక్ మహాదేవాలయం గురించి తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ పూనికతో 1914లో పని మొదలై, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. కరవు కాలంలో చుట్టుపక్కల జనానికి పని, తిండి దొరకడానికి అది కట్టారని ఆ ప్రాంతపు ప్రతి కుటుంబమూ చెప్పుకుంటుంది. రాళ్లు మోసి గింజలు తెచ్చుకున్న ముత్తాత కథను ఆమె కూడా చిన్నప్పుడు విన్నారు. క్రిస్మస్ నాడు వేకువ ఆరాధనకు వాళ్ల నాన్న పిల్లలిద్దరినీ ముందు రాత్రే బండి మీద తీసుకువచ్చి, కంబళి కప్పి కూర్చోబెట్టేవారట.

ఆ దేవాలయంలో మూడు పెద్ద రంగుటద్దాల గవాక్షాలు ఉన్నాయి. క్రీస్తు ఆరోహణం బలిపీఠం వెనుక, సిలువ, క్రీస్తు జననం మిగిలిన రెండింటిలో. వాటి రంగులు బయటి వెలుగు పడితేనే కనబడతాయి. రాత్రిపూట లోపల ఎన్ని దీపాలు వెలిగించినా అవి నల్లటి పలకలే. డిసెంబరులో మా ప్రాంతంలో సూర్యోదయం ఆరున్నర దాటాకే. "ఆరాధన మొదలైనప్పుడు అక్కడ ఏమీ ఉండదు, అయ్యగారూ. నల్లగా ఉంటుంది. నాన్న ఒడిలో నిద్రపోయేదాన్ని. లేచి చూస్తే నీలం వచ్చి ఉండేది. ముందు నీలం, తరువాత ఎరుపు. నాన్న ఏమీ చెప్పేవాడు కాదు, గడ్డం పట్టుకుని అటు తిప్పేవాడు."

ఇది చెబుతున్నప్పుడు ఆమె రెండు చేతులూ ఒడిలో తెరిచి ఉన్నాయి. బల్ల దగ్గర చాచినట్టే. ఆ పోలికను ఆమెకు చెప్పాలా వద్దా అని కొంతసేపు తటపటాయించి, చెప్పాను. అప్పుడు ఆమె అడిగిన ప్రశ్న ఈ కేసు మొత్తంలో నాకు ముఖ్యమైనది: "నాన్న పోయాక నా గడ్డం పట్టుకుని అటు తిప్పేవాళ్లు ఎవరూ లేరు. నేనే అందరివీ తిప్పుతున్నాను. మరి నేనెలా చూడాలి?"

ఆమె తండ్రి 2017లో చనిపోయారు. క్రిస్మస్ పనుల చిట్టా పెరగడం మొదలైంది ఆ తరువాతే అని లెక్క చూస్తే తేలింది. దుఃఖాన్ని పనిగా మార్చుకోవడం మనకు కొత్త కాదు, ముఖ్యంగా ఇంటి పెద్దకూతుళ్లకు. రెండు కూర్చోవడాలు పూర్తిగా ఆయన గురించే మాట్లాడుకున్నాము. ఆ మాటలను ఇక్కడ రాయను.

చేతులు కడిగే నిమిషం

సెప్టెంబరులో ఆగమన కాలానికి సిద్ధపడడం మొదలుపెట్టినప్పుడు నియమం ఒక్కటే పెట్టుకున్నాము. కొత్త పని ఏదీ చేర్చకూడదు. ఇప్పటికే ఆమె రోజులో ఉన్న ఏదో ఒక ఖాళీలో వాక్యం కూర్చోవాలి. ఎక్కడ ఖాళీ ఉందో వెతుకుతుంటే ఆమే నవ్వుతూ అన్నారు, "నాకు ఖాళీగా ఉండే చేతులు ఒక్కచోటే అయ్యగారూ, సింకు దగ్గర."

నర్సులకు చేతులు కడగడం ఆచారం వంటిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు సందర్భాలు చెబుతుంది: రోగిని తాకేముందు, శుభ్రంగా చేయవలసిన ప్రక్రియకు ముందు, శరీర ద్రవాలు తగిలే ప్రమాదం జరిగాక, రోగిని తాకాక, రోగి పరిసరాలను తాకాక. సబ్బు నీళ్లతో అయితే 40నుంచి 60 సెకన్లు, ఆల్కహాలు ద్రావణంతో అయితే 20నుంచి 30 సెకన్లు పట్టాలి. ఆమె ఒక డ్యూటీలో సబ్బుతోనే పాతికసార్లకు తక్కువ కాకుండా కడుగుతారు. నేను ఇవ్వబోయి విఫలమైన ఇరవై నిమిషాలు ఆమె దగ్గర ముందే ఉన్నాయి, ముక్కలు ముక్కలుగా.

లూకా సువార్త రెండో అధ్యాయంనుంచి ఆగమన వారానికి ఒకటి చొప్పున నాలుగు చిన్న చోట్లు ఎంచుకున్నాము. సత్రంలో స్థలం లేకపోవడం, రాత్రివేళ మంద కాచుకొంటున్న గొల్లలు, వారు త్వరపడి వెళ్లడం, మరియ ఆ మాటలన్నిటినీ హృదయంలో తలపోసుకోవడం. చేతులు కడిగే నిమిషంలో ఆ వారపు మాటను మనసులో ఒకసారి అనుకోవాలి, అంతే. దానినుంచి ఏమీ రాబట్టనక్కరలేదు. ఆమె ఒక షరతు పెట్టారు, అది సరైనది: మందులు తీసేటప్పుడు, లెక్క చూసేటప్పుడు, అప్పగింత సమయంలో ఈ ధ్యానం ఉండకూడదు. ఒక్క క్షణం మనసు వేరేచోట ఉంటే సిరంజిలో కొలత మారుతుంది. రోగి దగ్గర ధ్యాస రోగి మీదే ఉండాలి, ఆ ధ్యాస కూడా ఆరాధనే అని నేను నమ్ముతాను.

తలపోయడం అన్న మాటను ఆమెతో కలిసి కొంత వివరంగా చూశాను. లూకా అక్కడ వాడిన గ్రీకు క్రియకు వస్తువులను ఒకచోట చేర్చి వేయడమని మూలార్థం. మరియకు ఆ రాత్రి అంతా అర్థమైపోయిందని లూకా చెప్పడు. గొల్లలు చెప్పింది, తాను చూసింది, ముందు విన్నది, వేరువేరు ముక్కలు. వాటిని పారేయకుండా ఒకచోట పోగుచేసుకుంది. ప్రసవించిన స్త్రీ, పరాయి ఊరు, పిలవని అతిథులు. ఆమె కూడా తీరికలేని మనిషే.

ఇక తీసివేతలు. ఎవరూ అడగని 13 పనుల్లో ఎనిమిదింటిని వదిలేశారు. ఇరవై రెండు ఇళ్లకు కేకు పంచడాన్ని 25 తరువాతికి జరిపాము. సంఘ పంచాంగం ప్రకారం క్రిస్మస్ కాలం ఆ రోజున మొదలై జనవరి 6 ప్రత్యక్షత పండుగ వరకు నడుస్తుంది కాబట్టి, 28న కేకు తీసుకువెళ్తే ఆలస్యమైనట్టు కాదు. ఈ ఒక్క సంగతి తెలియడం ఆమెకు ఎంత ఊరటనిచ్చిందో చూసి, సంఘ పంచాంగాన్ని మేము ప్రసంగాల్లో ఇంకా బాగా చెప్పి ఉండవలసిందని బాధపడ్డాను. సెమీ క్రిస్మస్‌లు మూడుకు తగ్గాయి.

అక్టోబరులో కుటుంబంతో కూర్చున్నాము. అత్తగారు చాలాసేపు మౌనంగా ఉండి, ఒక్క మాట అన్నారు. "మోకాళ్లు పోయాయని నా కోడలు నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వడం మానేసింది, అయ్యగారూ. పాకం పట్టడం దానికి రాదు. మూడేళ్లుగా అరిసెలు రాళ్లలా వస్తున్నా నేను నోరు విప్పలేదు." కోడలు అత్తగారి బరువు తగ్గించాననుకున్నది, అత్తగారు తన చోటు పోయిందనుకున్నారు. ఇచ్చేవారు ఒక్కరే అయినప్పుడు ఇంట్లో మిగిలినవారందరూ తీసుకునేవారిగా మిగిలిపోతారు. వారికి కూడా ఇవ్వాలని ఉంటుంది. భర్త ఆ సాయంత్రం ఎక్కువ మాట్లాడలేదు. పోయేటప్పుడు మాత్రం బట్టల కొనుగోలు, టైలరు తన పూచీ అని చెప్పి వెళ్లారు.

చీటీలు

వార్డు ఇన్‌ఛార్జికి డిసెంబరులో ఎదురయ్యే కఠినమైన పని డ్యూటీ చార్టు. ఆమె వార్డులో 19 మంది నర్సులుంటే అందులో 11 మంది క్రైస్తవులు. అందరికీ 24 రాత్రి, 25 పగలు సెలవు కావాలి. ఆరేళ్లుగా ఆమె దీనికి ఒకే పరిష్కారం పాటించారు. 24 రాత్రి డ్యూటీ తన పేరునే రాసుకునేవారు. ఆ త్యాగం నిజమైనదే, కాని దానిలో ఎవరికీ చెప్పని చిన్న కోపం కూడా కలిసి ఉండేదని ఆమే ఒప్పుకున్నారు. 2024లో, నర్సింగ్ సూపరింటెండెంట్ అనుమతితో, తన పేరుతో సహా పదకొండు పేర్లు చీటీలు వేయించారు. ఆ ఏడాది డిసెంబర్ 25తో మెదక్ దేవాలయానికి నూరేళ్లు నిండుతున్నాయి. చీటీ అనుకూలిస్తే భర్తతో, పిల్లలతో, అత్తగారితో వేకువ ఆరాధనకు వెళ్లాలని, గవాక్షంలో నీలం వచ్చేదాకా కూర్చోవాలని అనుకున్నారు.

24 రాత్రి చీటీ ఆమెకే వచ్చింది.

ఆ రోజు ఫోనులో ఆమె గొంతు విన్నప్పుడు నేను కూడా నిరుత్సాహపడ్డాను. ఏడాది పని వృథా అయిందేమోనన్న భయం వేసింది. ఇంకెవరితోనైనా మార్చుకోమని చెప్పాలనిపించి, చెప్పకుండా ఊరుకున్నాను. ఆమె కొంతసేపు ఆగి, "ఈసారి నేను రాసుకోలేదు కదా అయ్యగారూ, వచ్చింది" అన్నారు.

డిసెంబర్ 1న ఆగమన కాలం మొదలై 24 వరకు సాగింది. మొదటి వారం ఆమెకు ఏమీ అనిపించలేదు. రెండో వారం మధ్యలో వాట్సాప్‌లో నాకొక వాక్యం పంపారు. "గొల్లలు కూడా నైట్ డ్యూటీలోనే ఉన్నారు." రెండు రోజుల తరువాత ఇంకొకటి: "వాళ్లు మందను వదిలి వెళ్లారు. నేను వదిలి వెళ్లలేను." దానికి నా దగ్గర సమాధానం లేదు, అదే రాసి పంపాను. మూడో వారంలో నాటిక రిహార్సల్ రోజున పిల్లల మీద అరిచేశారు, నాలుగు రోజులు చేతులు కడిగేటప్పుడు కూడా జాకెట్ల లెక్కే వచ్చింది. నాలుగో వారంలో ఇంట్లో అరిసెలు వండారు. పదిహేను కిలోలకు బదులు ఆరు. అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చుని, పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేసి చూసి, ఉండ కట్టే దాకా తడి పిండి కలపనివ్వలేదు. మనవరాలు చెక్కలతో నూనె వత్తింది.

24 రాత్రి వార్డులో ఇరవై ఆరుగురు రోగులు. రెండింటికి ఒక వృద్ధుడికి కుట్ల దగ్గర రక్తం కారితే డాక్టరును పిలిపించారు, నాలుగు వరకు కూర్చోవడం కుదరలేదు. నాలుగున్నరకు సింకు దగ్గర నిలబడి చేతులు కడుక్కుంటున్నప్పుడు మరియ జ్ఞాపకం వచ్చిందని చెప్పారు. వాక్యాన్ని కావాలని తలచుకోలేదట, దానంతటదే వచ్చింది. నీళ్లు కట్టేసి ఇంకొక నిమిషం అక్కడే నిలబడ్డారు.

ఆ తరువాత జరిగిన సంగతిని నేను ఈ కేసులో అన్నిటికంటే విలువైనదిగా చూస్తాను. ఉదయం ఎనిమిదింటికి రావలసిన హిందూ సహోద్యోగి ఒకామె ఆరింటికే వచ్చి, "చర్చికి వెళ్లండి మేడమ్, అప్పగింత నేను తీసుకుంటాను" అన్నారు. ముందురోజే సూపరింటెండెంటును అడిగి ఒప్పించారట. ఇలాంటి మాటకు ఆమె ఇరవై ఏళ్లుగా ఇచ్చే జవాబు "ఫర్వాలేదమ్మా, నువ్వు ఇంటికి వెళ్లు" అన్నదే. ఆ మాట నోటిదాకా వచ్చిందని, ఆపుకుని "థాంక్సమ్మా" అన్నానని చెప్పారు. రోగులందరినీ మంచం మంచం దగ్గర అప్పగించి ఆటో ఎక్కారు. మా చర్చిలో రెండో ఆరాధన మొదలై పాట సగం అయ్యాక వెనుక బెంచీలో ఆమె కనిపించారు. ప్రసంగంలో నిద్రపోయారు. నిద్రపోనిచ్చాను.

బల్ల దగ్గర రొట్టె ఇచ్చింది నేనే కాబట్టి ఆ క్షణాన్ని నేనుగా వర్ణించడం సరికాదు. వారం తరువాత ఆమె చెప్పిందే రాస్తాను. కన్నీళ్లు రాలేదు, ప్రత్యేకమైన అనుభూతి ఏమీ కలగలేదు. "రొట్టె రుచి తెలిసింది, అయ్యగారూ." ఇంటికి వెళ్లేసరికి అత్తగారు విస్తరి వేసి ఉంచారు. ఆమె అలవాటు కొద్దీ గరిటె అందుకోబోతే కూతురు లాక్కుంది. పెళ్లయిన తరువాత క్రిస్మస్ నాడు అందరికంటే ముందు తాను భోంచేయడం అదే మొదటిసారి.

తీరని వాటిని కూడా రాయాలి. కొడుకు ఆ ఏడాది చర్చికి రావడం తగ్గించాడు. ఆ బాధ ఆమెకు పనుల హడావిడి తగ్గాక ఇంకా స్పష్టంగా కనబడింది, దాని గురించి ఇప్పుడు వేరుగా మాట్లాడుకుంటున్నాము. స్త్రీల మైత్రి లెక్కలు ఎవరూ తీసుకోలేదు, ఇంకా ఆమె దగ్గరే ఉన్నాయి. కొందరు సోదరీమణులు ఆమె చల్లబడిపోయిందని చెప్పుకున్నారు, ఒకరు నాతోనే అన్నారు. హిమోగ్లోబిన్ 12.4కు వచ్చింది.

2025 ఫిబ్రవరిలో ఒక వారపు సెలవు రోజున ఆమె, భర్త బస్సెక్కి మెదక్ వెళ్లారు. పండుగ లేదు, జనం లేరు. క్రీస్తు జననం గవాక్షం ఎదురుగా గంటన్నర కూర్చున్నారట. భర్త కొంతసేపటికి లేచి ఆవరణ తిరిగి వచ్చి, ఏమైనా తింటావా అని అడిగాడని, అత్తగారు కట్టి ఇచ్చిన పులిహోర డబ్బాను ఇద్దరూ చెట్టు కింద కూర్చుని విప్పామని చెప్పారు.